ముందు చక్రాల బరువు ముందు చక్రాలకే

ట్రైలర్ కొన్నారు, సంతోషం. పిల్లలు పై బంకు నాదంటే నాదని అప్పుడే పోట్లాట మొదలుపెట్టారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఈ వేసవికి యెల్లోస్టోన్ చూస్తున్నామని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేశారు. మీరు ట్రక్కుని వెనక్కి తెచ్చి, ట్రైలర్ తగిలించి, కాస్త దూరంగా నిలబడి చూశారు. ట్రక్కు వెనక కుంగింది, ముందు లేచింది. ఇలాగే బయల్దేరొచ్చా?

బయల్దేరకూడదు. ట్రైలర్ మూతి బరువు ట్రక్కు వెనక చక్రాలకు ఇంకా వెనకాల, ట్రైలర్‌ని తగిలించే బాల్ మీద పడుతుంది. దాంతో వెనక ఇరుసు మీద భారం పెరగడమే కాదు, ముందు ఇరుసు మీద ఉన్న భారం తగ్గుతుంది. స్టీరింగ్‌కి తిరిగేవి ముందు చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడు ఎక్కువ పనిచేసేవీ అవే. వాటికి నేల మీద పట్టు తగ్గితే ఏమవుతుంది? వానలో మలుపు తిప్పినప్పుడు బండి మీ మాట ఆలస్యంగా వింటుంది. రాత్రిపూట మీ హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి కొడతాయి. పక్క లేనులో పెద్ద ట్రక్కు దూసుకుపోతే వెనకాల ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అవసరం ఇక్కడే వస్తుంది. హిచ్ తల నుంచి ట్రైలర్ ఫ్రేముకి రెండు పక్కలా రెండు ఉక్కు కడ్డీలు వెళతాయి. వాటిని స్ప్రింగ్ బార్లంటారు. వాటి కొసల్ని పైకి లాగి గొలుసులతోనో బ్రాకెట్లతోనో ఫ్రేముకి బిగిస్తారు. ఆ బిగువు వెనక ఇరుసు మీద అదనంగా పడిన భారంలో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పంపిస్తుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు. ఎంత భారం ముందుకు తిరిగొచ్చిందో కొలిచి తెలుసుకోవాలి. బండి సమంగా కనిపిస్తోంది కదా అని సరిపెట్టుకోకూడదు. ఈ అధ్యాయంలో ముఖ్యమైన భాగం ఆ కొలత గురించే.

రెంచ్ పట్టుకునే ముందు చదవాల్సిన చీటీలు

1. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక చీటీ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో రాసి ఉంటుంది. అదే పేలోడ్. డీలర్ మీకు "పదకొండు వేల పౌండ్లు లాగుతుంది సార్" అని టోయింగ్ అంకె చెప్పి ఉంటాడు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ముందుగా అడ్డం తగిలేది ఆ అంకె కాదు, ఈ పేలోడే.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే ఒక కుటుంబాన్ని అనుకుందాం. వాళ్ల హాఫ్ టన్ పికప్ చీటీ మీద 1,500 పౌండ్లని ఉంది. ట్రైలర్ సామానుతో సహా 7,000 పౌండ్లు. బాల్ మీద పడే బరువు, అంటే టంగ్ వెయిట్, అందులో ఎనిమిదో వంతనుకుంటే 875. హిచ్ సరంజామా దాదాపు 100. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు కలిసి 730. మొత్తం 1,705. ట్రక్కు వెనక ఇంకా ఏమీ పెట్టలేదు, ఐస్ బాక్సు కూడా ఎక్కలేదు, అప్పుడే 205 పౌండ్లు ఎక్కువైంది. "హిచ్ బిగిస్తే కొంత భారం ట్రైలర్ చక్రాలకు పోతుంది కదా?" అంటారేమో. పోతుంది. కానీ ఈ లోటు పూడేంత పోదు. హిచ్ భారాన్ని పంచుతుందే తప్ప మీ ట్రక్కు శక్తిని ఒక్క పౌండు కూడా పెంచదు. ఈ కుటుంబానికి దారులు మూడు: తేలికపాటి ట్రైలర్, పెద్ద ట్రక్కు, లేదంటే పెద్దవాళ్లు ఇంకో కారులో వెనకాల రావడం. మూడో దారి చాలామందికి నచ్చదు గానీ, అప్పటికప్పుడు చేతిలో ఉన్నది అదే.

2. ట్రక్కు వెనక బంపర్ కింద, హిచ్ దూర్చే చదరపు గొట్టాన్ని రిసీవర్ అంటారు. వంగి చూస్తే దాని మీద చీటీ ఉంటుంది. అందులో రెండు వరసల అంకెలు చూస్తారు. ఒకటి మామూలు బాల్‌తో లాగితే ఎంత బరువు వరకు, రెండోది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో ఎంత వరకు. చాలా హాఫ్ టన్ పికప్‌లలో మొదటిది 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్ వెయిట్ దగ్గర ఆగిపోతుంది. మీ ట్రైలర్ అది దాటిందా? అయితే ఈ హిచ్ మీకు తప్పనిసరి.

3. ట్రక్కుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తెరిచి ట్రైలర్ లాగడం గురించిన పేజీలు చదవండి. కొన్ని క్రాసోవర్లకు ఈ రకం హిచ్ వాడొద్దనే రాసి ఉంటుంది. అలా ఉంటే వాడొద్దు, అంతే. వాడొచ్చని ఉంటే, ముందు చక్రాల భారం ఎంతవరకు తిరిగి రావాలో కూడా అందులోనే ఉంటుంది. తగ్గిన దాంట్లో సగం రావాలని కొందరు, మొత్తం రావాలని కొందరు రాస్తారు. మీ మాన్యువల్ ఏం చెబితే మీకు అదే శాసనం.

సామాను ఎక్కడ పెట్టారు?

ఎద్దుబండి తోలిన తాతలున్న ఇళ్లలో ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బస్తాలన్నీ ముందుకు సర్దితే కాడి ఎద్దుల మెడలు విరిచేస్తుంది. వెనక్కి సర్దితే నొగలు గాల్లోకి లేస్తాయి. తెలిసినవాడు రెండూ కానట్టు, ముందుకు కాస్త మొగ్గు ఉండేలా సర్దుతాడు. ట్రైలర్‌కీ అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి. 10 కంటే తగ్గితే ట్రైలర్ ఊగుతుంది. అలా వెనక బరువైన ట్రైలర్‌ని ఎంత ఖరీదైన హిచ్ అయినా నిలబెట్టలేదు.

మన ఇళ్ల ప్రయాణాలకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటారా? మనం హాట్‌డాగ్ డబ్బాతో సరిపెట్టుకుని క్యాంపింగ్‌కి వెళ్లం. 20 పౌండ్ల సోనా మసూరి సంచి, వెట్ గ్రైండర్, రెండు కుక్కర్లు, ఆవకాయ సీసాలు, నీళ్ల బాటిళ్ల కేసులు. మీ ట్రైలర్లో వంటగది వెనక కొసన ఉంటే ఇవన్నీ అక్కడికే చేరతాయి. దానికి తోడు వెనక బంపర్‌కి సైకిళ్ల స్టాండు. అన్నీ కలిసి ట్రైలర్ మూతిని పైకి లేపుతాయి. బియ్యం, గ్రైండర్, నీళ్ల కేసులు ట్రైలర్ చక్రాల మీదకో, వాటికి కాస్త ముందుకో మార్చండి. సైకిళ్లు ఆ బంపర్ మీద పెట్టొచ్చో లేదో ట్రైలర్ కంపెనీ మాన్యువల్లో చూడండి. చాలా బంపర్లు అంత బరువు మోయడానికి చేసినవి కావు.

నీళ్ల ట్యాంకు సంగతి మర్చిపోకండి. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నిండితే 330 పౌండ్ల పైమాటే. ఆ ట్యాంకు మీ ట్రైలర్లో చక్రాలకు ముందుందా, వెనకుందా? మంచం కింద పలక ఎత్తి చూసి తెలుసుకోండి. నింపి వెళ్లేవాళ్లయితే నింపాకే కొలతలు తీసుకోవాలి.

అమ్మకం కాగితం మీద వేసే టంగ్ వెయిట్ ఖాళీ ట్రైలర్‌ది. మీరు కొన్న బ్యాటరీ, నింపిన గ్యాస్ సిలిండర్లు, ముందు అరలో సర్దిన సామాను సాధారణంగా అందులో ఉండవు. ఆ అంకె నమ్మి హిచ్ కొనకండి. అలాగని భయపడి అందరికంటే బలమైన బార్లూ కొనకండి. 1,400 పౌండ్ల బార్లు 600 పౌండ్ల టంగ్ వెయిట్‌కి వేస్తే అవి వంగవు, గతుకు గతుక్కీ ట్రక్కునీ ట్రైలర్ ఫ్రేమునీ కుదిపేస్తాయి. నిజమైన టంగ్ వెయిట్‌కి, ట్రక్కు వెనక ఇరుసు అవతల పెట్టే సామాను కలిపి, ఆ మొత్తానికి సరిపోయే బార్లు తీసుకోండి.

టేపుతో ఒక శనివారం ఉదయం

డీలర్ బిగించి ఇచ్చాడు కదా, మళ్లీ మనమెందుకు? ఎందుకంటే అతను బిగించింది ఖాళీ ట్రైలర్‌కి, ఖాళీ ట్రక్కుకి. మీరు వెళ్లేది నిండు ట్రైలర్‌తో, నిండు కుటుంబంతో. అతన్ని తప్పుపట్టనక్కర్లేదు, అతని దగ్గర మీ బియ్యం సంచి లేదు. సర్దుబాటు మాత్రం మీరే చేసుకోవాలి.

కావలసినవి: ఒక కొలత టేపు, మాస్కింగ్ టేపు, పెన్ను, టార్క్ రెంచ్, హిచ్‌తో వచ్చిన పుస్తకం. సమతలంగా ఉన్న చోటు వెతకండి. వాలుగా ఉన్న డ్రైవ్‌వే పనికిరాదు. గుడి పార్కింగ్ లాట్ ఉదయం ఖాళీగా ఉంటే అడిగి వాడుకోండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూడండి. ట్రక్కుకి ఎయిర్ సస్పెన్షన్ ఉంటే, కొలిచేటప్పుడు దాన్ని ఏ మోడ్‌లో ఉంచాలో మాన్యువల్ చూడండి. లేకపోతే అది తనంతట తాను ఎత్తు సరిచేసుకుంటూ మీ కొలతలన్నీ తారుమారు చేస్తుంది. ప్రయాణానికి సర్దినట్టే సామానంతా సర్దండి.

1. ట్రైలర్ తగిలించకుండా ట్రక్కు ఒక్కదాన్నే నిలబెట్టి, ముందు చక్రం నడిబొడ్డు మీదుగా నేల నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి. కొలిచిన చోట ఫెండర్ మీద చిన్న టేపు ముక్క అంటించండి, ప్రతిసారీ అక్కడే కొలవాలి. 38 అంగుళాలు వచ్చిందనుకోండి. రాసుకోండి.

2. ట్రైలర్‌ని నేలకు సమాంతరంగా నిలబెట్టి, బాల్ ఎత్తు ఎంత ఉండాలో హిచ్ పుస్తకం చెప్పినట్టు సరిచేయండి.

3. ట్రైలర్ తగిలించండి, బార్లు మాత్రం వేయకండి. జాక్ పూర్తిగా పైకి తీసి, మళ్లీ అదే చోట కొలవండి. 39½ వచ్చింది. అంటే ముందు భాగం అంగుళన్నర లేచింది.

4. ఇప్పుడు బార్లు బిగించి మూడోసారి కొలవండి. మాన్యువల్ సగం తిరిగి రావాలంటే మీ గురి 38¾. మొత్తం రావాలంటే 38. ఏ మాన్యువల్ అయినా సరే, 38 కంటే కిందికి పోకూడదు.

5. గురి కుదరలేదా? ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ముందు సులువైనది: గొలుసులో ఒక లింకు దగ్గరకు లాగడం, లేదా బ్రాకెట్ ఒక రంధ్రం పైకి జరపడం. దానితో సరిపోకపోతే హిచ్ తలని ఇంకాస్త వెనక్కి వాల్చాలి. కొన్ని హిచ్‌లలో దీనికోసం లోపల వాషర్లు ఉంటాయి, ఒక వాషర్ చేరిస్తే బిగువు పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. మార్చిన ప్రతిసారీ కొలిచి రాయండి. అన్నీ కుదిరాక బోల్టులన్నీ పుస్తకంలో ఉన్న టార్క్‌కి బిగించండి. మొదటి ప్రయాణం అయ్యాక మళ్లీ ఒకసారి సరిచూడండి, కొత్త బోల్టులు కాస్త సడలుతాయి.

మొదటిసారి పూట పడుతుంది. విసుగొస్తుంది కూడా. అయినా చేయండి. కుదిరిన లింకు మీద పెయింటుతో గుర్తు పెట్టుకుంటే తర్వాతి ప్రయాణం నుంచి ఇది నిమిషాల పని.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: బిగువు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటారు. మరీ బిగిస్తే వెనక చక్రాలు తేలికవుతాయి. తడి రోడ్డు మీద మలుపులో ట్రక్కు వెనక భాగం జారితే, వెనకున్న ట్రైలర్ దాన్ని ఇంకా పక్కకు నెట్టేస్తుంది. ముందు చక్రాలు తేలిపోవడం కంటే ఇది ఇంకా ప్రమాదం. రెండో పొరపాటు, వెనక స్ప్రింగుల దగ్గర ఎయిర్‌బ్యాగులు పెట్టించి సమస్య తీరిందనుకోవడం. వాటిలో గాలి నింపితే ట్రక్కు వెనక లేస్తుంది, బండి సమంగా కనిపిస్తుంది. ముందు ఇరుసు పోగొట్టుకున్న బరువు మాత్రం తిరిగి రాదు.

తగిలించే వరస

ఈ వరస ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే, ఫోను మోగితే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి.

1. ట్రైలర్ చక్రాలకు రెండు పక్కలా అడ్డు దిమ్మలు పెట్టండి. విప్పేటప్పుడూ మొదటి పని ఇదే.

2. ట్రైలర్ మూతి కొసన బాల్ మీద కూర్చునే కప్లర్ మీద ముద్రించిన సైజు, బాల్ మీద ముద్రించిన సైజు ఒకటేనా? పెద్ద ట్రావెల్ ట్రైలర్లకు సాధారణంగా 2 5/16 అంగుళాల బాల్ ఉంటుంది. ఆ కప్లర్ 2 అంగుళాల బాల్ మీద కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకులో ఊడిపోతుంది.

3. కప్లర్ దించి, గొళ్లెం వేసి, పిన్ను పెట్టండి. సేఫ్టీ గొలుసులు రెండూ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వచ్చేలా తగిలించండి.

4. ఇప్పుడు జాక్‌తో ట్రైలర్ మూతిని పైకి లేపండి. దానితో పాటు ట్రక్కు వెనక భాగం కూడా మూడు నాలుగు అంగుళాలు లేవాలి. లేవకుండా కప్లర్ ఒక్కటే పైకి వచ్చేసిందంటే అది బాల్‌ని పట్టుకోలేదన్నమాట. ఒక్క పనితో రెండు లాభాలు: గొళ్లెం పట్టిందో లేదో తెలుస్తుంది, బార్ల మీద బిగువు తగ్గుతుంది.

5. బార్లు తగిలించి, పిన్నులు పెట్టండి. జాక్ పూర్తిగా పైకి తీసేయండి.

6. బ్రేక్‌అవే తీగను ట్రక్కుకే తగిలించండి, సేఫ్టీ గొలుసుకి కాదు. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వాటంతట అవే పట్టాలన్నదే ఆ తీగ ఉద్దేశం. తర్వాత ఏడు పిన్నుల ప్లగ్గు పెట్టి, దిమ్మలు తీసేయండి.

7. ఇండికేటర్లు, బ్రేకు లైట్లు ఎవరినైనా వెనక నిలబెట్టి చూడండి. నడక వేగంతో పోతూ, ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచి వేసే బ్రేక్ కంట్రోలర్ మీట నొక్కండి. ట్రైలర్ బ్రేకులు వెనక్కి లాగినట్టు తెలియాలి.

నాలుగో పని మానేసి ఐదోది చేసేవాళ్లు చాలామంది. జాక్ లేపకుండా పొడుగాటి పిడితో బలవంతంగా గొలుసు పైకి లాగుతారు. ఒకసారి ఊహించుకోండి. మీరు పిడి పట్టుకుని వంగారు. మామగారు సాయం చేద్దామని పక్కకొచ్చారు.

"అల్లుడుగారూ, ఇటివ్వండి, ఈ చెయ్యి ఇంకా గట్టిదేనండీ."

"వద్దు మామయ్యగారూ, మీరు ఆ పక్కకి వచ్చి నిలబడండి. ముందు జాక్ లేపుతాను."

ఆయన నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. వందల పౌండ్ల బిగువుతో ఉన్న బార్ జారితే ఆ పిడి ఎవరి మొహం ముందుంటే వాళ్లకు తగులుతుంది. జాక్ సరిగ్గా లేపితే గొలుసు చేత్తోనే దాదాపు పైకి వచ్చేస్తుంది. బలం వాడాల్సి వస్తోందంటే జాక్ ఇంకా లేపాలని అర్థం. విప్పేటప్పుడూ ఇంతే: దిమ్మలు, తర్వాత జాక్, బిగువు పోయాకే బార్లు, చివరికే కప్లర్.

మామయ్యగారికి లైట్లు చూసే పని అప్పగించండి, సంతోషిస్తారు.

కాటా మీదకు ఎక్కించండి

టేపు కొలత మంచి మొదలు. కానీ టేపు ఎత్తు చెబుతుంది, బరువు చెప్పదు. బరువు కోసం హైవే పక్కన ట్రక్ స్టాపులకు వెళ్లండి. చాలా చోట్ల క్యాట్ స్కేల్ అని పెద్ద బోర్డు కనిపిస్తుంది. పద్దెనిమిది చక్రాల బండ్ల మధ్య మన ట్రైలర్ ఎందుకని సంకోచించకండి, అది అందరికోసం పెట్టిన కాటా. వాళ్ల యాప్ ఫోనులో వేసుకుంటే కిటికీ దించే పని కూడా లేదు. ముందు ఇరుసు మొదటి పలక మీద, వెనక ఇరుసు రెండో పలక మీద, ట్రైలర్ ఇరుసులు మూడో పలక మీద ఉండేలా ఆపండి. 24 గంటల్లోపు అదే చోట మళ్లీ తూయిస్తే రుసుము తగ్గుతుంది.

మూడుసార్లు తూయించాలి. సులువైన వరస ఇది: బార్లు బిగించి ఒకసారి, పక్కకు ఆపి బార్లు తీసేసి, నెమ్మదిగా నడిపిస్తూ రెండోసారి, ట్రైలర్‌ని పార్కింగ్‌లో వదిలి ట్రక్కు ఒక్కటే మూడోసారి. కుటుంబమంతా మూడుసార్లూ ట్రక్కులోనే ఉండాలి. పిల్లలకు చిప్స్ ముందే కొనిపెట్టండి.

ఉదాహరణకి ఇలా వచ్చాయనుకోండి. ట్రక్కు ఒక్కటే: ముందు 3,100, వెనక 2,700. బార్లు లేకుండా ట్రైలర్‌తో: ముందు 2,740, వెనక 3,920, ట్రైలర్ ఇరుసులు 6,040. బార్లు బిగించాక: ముందు 2,960, వెనక 3,580, ట్రైలర్ 6,160.

ఇప్పుడు చీటీలు పక్కపక్కన పెట్టండి. ట్రక్కు మొత్తం 5,800 నుంచి 6,660 అయింది, అంటే టంగ్ వెయిట్ 860. ట్రైలర్ మొత్తం 6,040కి 860 కలిపితే 6,900. దానిలో 860 అంటే పన్నెండున్నర శాతం, బాగుంది. ముందు ఇరుసు 360 పోగొట్టుకుంది, బార్లు బిగించాక 220 తిరిగొచ్చింది. సగం కంటే ఎక్కువే. మాన్యువల్ సగం చాలంటే ఈ బండి సిద్ధం. ఇక వెనక ఇరుసు 3,580 అనేది తలుపు స్తంభం మీద రాసిన ఇరుసు పరిమితి లోపలే ఉందా, ట్రక్కు మొత్తం, ట్రక్కూ ట్రైలరూ కలిపిన మొత్తం వాటి వాటి పరిమితుల్లో ఉన్నాయా, చూసుకోండి. కూడికలు, తీసివేతలు తప్ప ఇందులో ఇంకేం లేదు. పదేళ్ల పిల్లకి అప్పగిస్తే ఉత్సాహంగా చేసిపెడుతుంది.

రోడ్డెక్కాక

ఊగడాన్ని అదుపు చేసే ఏర్పాటు కొన్ని హిచ్‌లలో లోపలే ఉంటుంది, కొన్నిటికి పక్కన ఒక రాపిడి కడ్డీ విడిగా తగిలించాలి. మీది రెండో రకమైతే క్యాంప్‌గ్రౌండ్‌లో రివర్స్ చేసే ముందు దాన్ని తీసేయండి. లేకపోతే మలుపులో వంగిపోతుంది. రాపిడితో పనిచేసే ఏ రకమైనా రాపిడి జరిగే చోట గ్రీజు పూయకండి. కిర్రుమంటోందని పూస్తారు, దాంతో పనే పోతుంది. పెట్రోలు బంకు ప్రవేశం లాంటి లోతైన పల్లాల్లో బార్ల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది, మెల్లగా దాటించండి.

గాలికి గౌరవం ఇవ్వండి. వయోమింగ్‌లో ఐ-80 మీద తేలికైన, ఎత్తైన బండ్లను గాలి కారణంగా ఆపేసే రోజులుంటాయి. టెక్సాస్‌లో అమరిల్లో చుట్టుపక్కల ఐ-40 మీద కూడా అడ్డగాలి గట్టిగానే కొడుతుంది. అలాంటి రోజు బయల్దేరకుండా క్యాంపులోనే ఇంకో పూట ఉప్మా చేసుకుని ఉండిపోండి. వేగం తగ్గించండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండి గంటకు 55 మైళ్లు దాటకూడదని చట్టమే ఉంది. మిగతా రాష్ట్రాల్లో బోర్డు మీద 75 అని ఉన్నా, మీ ట్రైలర్ టైర్లు ఎంత వేగానికి చేసినవో ముందు చూడండి.

అయినా ఊగడం మొదలైతే? యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పకండి. ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకండి. బ్రేక్ కంట్రోలర్ మీట చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి. వేగం పెంచి బయటపడదామనే ఆలోచన అసలే వద్దు. ఆ మీట ఎక్కడుందో బండి ఆపి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని తడిమి అలవాటు చేసుకోండి, మీతో పాటు నడిపేవాళ్లు ఎవరుంటే వాళ్ల చేత కూడా. ఊగడం ఆగాక సురక్షితమైన చోట నిలిపి, సామాను ఎక్కడుందో మళ్లీ చూడండి. ఊగడానికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ తేదీకి కనీసం రెండు వారాల ముందే మొదటి తూకం వేయించండి. ఏదైనా తేడా వస్తే బార్లు మార్చడానికో, సామాను తగ్గించడానికో, ఇంకో కారు ఏర్పాటు చేయడానికో వ్యవధి ఉంటుంది. ఆ మూడు చీటీలు గ్లవ్ బాక్సులో దాచండి. ట్రక్కు మారినా, ట్రైలర్ మారినా, వెనక అరలోకి కొత్త బరువు ఏది చేరినా మళ్లీ తూయించండి.